పటిక నీళ్లతో గీస్తే ఎరుపు ఎట్లా వస్తుంది: శ్రీకాళహస్తి కలంకారీ రంగుల సంగతి

శ్రీకాళహస్తిలో కలంకారీ పని జరిగే ఇంటికి ఎవరైనా మొదటిసారి వెళ్తే ఒకచోట తప్పకుండా తికమక పడతారు. నేల మీద పరిచిన గుడ్డ మీద నల్ల గీతలతో రాముడు, సీత, చెట్టు, నెమలి అన్నీ అప్పటికే ఉంటాయి, పని చేసే ఆయన వెదురు కలం ముంచి ముంచి సీత చీర మీద, వెనకాల ఖాళీ మీద ఏదో పూస్తా ఉంటాడు, అడిగితే ఎరుపు వేస్తున్నా అంటాడు, కానీ ఆ గిన్నెలో ఉండేది ఎరుపు కాదు, చూస్తే దాదాపు నీళ్ల మాదిరే ఉంటుంది. అది పటిక నీళ్లు. ఎక్కడ పూశారో కంటికి ఆనడం కోసం అందులో కాస్త రంగు కలుపుతారు అంతే. అసలు ఎరుపు ఆ తర్వాత ఎప్పుడో, గుడ్డని కడిగి వేర్ల కషాయంలో ఉడకబెట్టినప్పుడు బయటపడుతుంది, అదీ పటిక తగిలిన చోట మాత్రమే.

ఈ ఒక్క విషయం అర్థమైతే సహజ రంగుల గురించి మనకుండే ఆలోచన సగం మారిపోతుంది. మామూలుగా అందరూ ఏమనుకుంటారంటే, కెమికల్ పెయింట్ డబ్బా బదులు పువ్వో ఆకో నలిపి ఆ రసంతో బొమ్మ వేస్తే అది నాచురల్ పెయింటింగ్ అని. స్కూళ్లలో పిల్లలతో చేయించే వర్క్‌షాపులు కూడా ఇట్లాగే ఉంటాయి, బీట్‌రూట్ రసం, పసుపు నీళ్లు, పాలకూర రసం తీసుకుని డ్రాయింగ్ షీట్ మీద వేస్తారు, ఆ పూటకి బ్రహ్మాండంగా ఉంటుంది, నెల తిరిగేసరికి కాగితం మీద మట్టి రంగు మరకలు మిగుల్తాయి. పిల్లలకి సరదా కాబట్టి దాన్ని తప్పు పట్టక్కర్లేదు, కానీ కలంకారీ కూడా అదే పద్ధతి అనుకుంటే మాత్రం పొరపాటు. ఆకులో రంగు ఉండటం వేరు, ఆ రంగు గుడ్డకి పట్టుకుని ఉండటం వేరు. కలంకారీలో ఇరవైకి పైగా దశలు ఉన్నాయంటే అవన్నీ రంగు తీయడానికి కాదు, చాలావరకు రంగుని గుడ్డకి పట్టించడానికి, పట్టకూడని చోట పట్టకుండా చూడటానికి.

ఇది మన ఇళ్లలోనే రోజూ కనిపించే సంగతి. పసుపు మరక పడిన తెల్ల చొక్కా ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు సార్లకి మరక పోతుంది, ఎందుకంటే పసుపు రంగుకి ఎండ పడదు. అదే మరక మీద సబ్బు పడగానే ఎర్రగా మారడం అందరూ చూసే ఉంటారు, పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది కూడా ఆ గుణంతోనే. గోరింటాకు చూడండి, చేతికి పెడితే వారం పది రోజులు ఉంటుంది, అదే నూలు గుడ్డకి పెడితే అంత గట్టిగా పట్టదు, ఎందుకంటే గోరింటాకులో ఉండే రంగు చర్మంలో ఉండే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, నూలులో ప్రొటీన్ లేదు. అంటే ప్రతి రంగుకీ ఒక చుట్టం ఉండాలి. నూలుకి ఆ చుట్టాన్ని బయటినుంచి తెచ్చి కలపాలి, పటిక చేసే పని అదే, రంగుకి నూలుకి మధ్యన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంటుంది.

మట్టి రంగుల కథ వేరు. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, అక్కడ ఎక్కువగా వాడినవి మట్టి, రాయి నూరిన రంగులు, అవి గోడ పైన పొరగా కూర్చుంటాయి. తిరుపతి చుట్టుపక్కల ఎర్రమట్టి తీసుకుని జల్లించి జిగురు కలిపినా గోడకి, కాగితానికి మంచి రంగే వస్తుంది, మట్టిలో ఉండే ఆ ఎరుపు ఇనుము తుప్పుదే కాబట్టి ఎండకి కూడా చెక్కుచెదరదు. కానీ గుడ్డ మడత పెట్టాలి, ఉతకాలి, పైన కూర్చున్న రంగు రాలిపోతుంది. గుడ్డ మీద బొమ్మ అంటే రంగు పోగు లోపలికి దిగాల్సిందే.

ఆ దిగడానికి ముందు గుడ్డని సిద్ధం చేస్తారు. ముతక నూలు గుడ్డ, గాడా గుడ్డ అంటారు, దానికున్న గంజి అంతా పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో (చిత్తూరు వైపు మాటలో చెప్పాలంటే ఎనుము పాలల్లో) ముంచి పిండి ఎండేస్తారు. కరక్కాయ అంటే మనకి దగ్గుకి బుగ్గన పెట్టుకునే కాయ, నోట్లో వేసుకుంటే నాలుక పిడచకట్టుకుపోయే ఆ వగరు ఉంది చూడండి, ఆ వగరే ఇక్కడ కావాల్సిన సరుకు, టానిన్ అంటారు. అది నూలుకి బాగా అతుక్కుంటుంది, తర్వాత వచ్చే ఇనుముని, పటికని పట్టుకుంటుంది. మరి పాలు ఎందుకంటే, పాలల్లో ఉండే కొవ్వు గుడ్డ పోగుల మధ్యన చేరి తడిని పాకనివ్వదు. పాలు పెట్టని గుడ్డ మీద కలంతో గీత గీస్తే బ్లాటింగ్ పేపర్ మీద ఇంకు చుక్క వేసినట్టు నాలుగు వైపులా పాకిపోతుంది, పాలు పెట్టిన గుడ్డ మీద గీత గీసినట్టే నిలబడుతుంది. ఆవు పాలకంటే గేదె పాలల్లో వెన్న ఎక్కువ, అందుకే గేదె పాలే వాడతారు. ఈ గుడ్డ ఆరినాక లేత పసుపుగా, కాస్త పాల వాసనతో ఉంటుంది.

గుడ్డ తయారైనాక చింతపుల్ల బొగ్గుతో లేతగా బొమ్మ రాసుకుంటారు, తప్పు వస్తే దులిపేస్తే పోతుంది. తర్వాత కలం. వెదురు పుల్ల ఒక చివర చెక్కి, దానికి ఒకటిన్నర రెండు అంగుళాలు పైన ఉన్నిగానీ గుడ్డ పీలికగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు, ఆ ఉండని రంగులో ముంచితే పీల్చుకుంటుంది, గీసేటప్పుడు వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకి దిగుతుంది. సన్నగీతకి మొన కోసుగా ఉండే కలం, నింపడానికి మొద్దుగా ఉండే కలం. బ్రష్‌లో వెంట్రుకలు చేసే పని ఇక్కడ చెయ్యి చేస్తుంది, అందుకే ఒక గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంలో రావాలంటే చాలా ఏళ్ల సాధన కావాలి.

నలుపు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పని మొత్తంలో అందరికీ సులభంగా అర్థమయ్యే వింత అదే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి పులుపెక్కుతుంది, ఆ పులుపు ఇనుముని కరిగిస్తుంది, ఆ నీళ్లనే కసిం అంటారు. కుండలో ఉన్నప్పుడు అది చిక్కటి నలుపేమీ కాదు, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పెట్టిన వెంటనే మాత్రం నల్లబడుతుంది, ఇనుము వగరుతో కలిసి గుడ్డలోనే నలుపు పుడుతుందన్నమాట. పాతకాలంలో రాతకి వాడిన నల్ల సిరా కూడా ఇట్లాంటి కలయికే. మామిడికాయనో అరటికాయనో ఇనుప కత్తితో కోస్తే కత్తి, ముక్క నల్లబడటం ప్రతి వంటింట్లో చూసేదే, ఆ నలుపుని ఇష్టం వచ్చినట్టు గీతగా గీయగలిగితే అది కలంకారీ. దీనికి ఒక నష్టం కూడా ఉంది, ఇనుము నూలుని మెల్లగా తినేస్తుంది, అందుకే 200, 300 ఏళ్ల పాత గుడ్డల్లో మిగతా రంగులు బాగానే ఉండి నల్లగీత ఉన్న చోట మాత్రం గుడ్డ చిల్లులు పడి ఉంటుంది.

ఇక మళ్లీ ఎరుపు దగ్గరికి వద్దాం. పటిక పూసి ఒక రోజుకి పైగా ఆరనిచ్చి గుడ్డని పారే నీళ్లలో కడుగుతారు. ఇక్కడ పారే అన్న మాట చాలా ముఖ్యం. పోగులోకి దిగిన పటిక ఉండాలి, పైపైన మిగిలిన పటిక పోవాలి. నిలవ నీళ్లలో ముంచితే ఆ మిగులు పటిక నీళ్లలో కరిగి అదే గుడ్డమీద తెల్లగా ఉండాల్సిన చోట వెళ్లి కూర్చుంటుంది, తర్వాత ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది, సీత మొహం మీద గులాబీ మచ్చ పడుతుంది. పారే నీళ్లలో గుడ్డని చాపి పట్టుకుంటే మిగులంతా కొట్టుకుపోతుంది. శ్రీకాళహస్తిలో ఈ పని నిలబడటానికి గుడి, కాళహస్తి జమీందార్ల ఆదరణ ఎంత కారణమో గుడి పక్కనే పారే స్వర్ణముఖి అంత కారణం. ఒడ్డున ఇసుక, కావాల్సినంత ఎండ, గుడ్డ పరుచుకోవడానికి జాగా, ఇవన్నీ కలిసి ఒక వర్క్‌షాప్ మాదిరి పనిచేశాయి.

కడిగిన గుడ్డని రాగి పాత్రలో చిరివేరు (ఒక చిన్న మొక్క వేరు), మంజిష్ఠ, సురుడు చెక్క లాంటి ఎర్ర రంగునిచ్చే వేర్లు, బెరళ్లు వేసి ఉడకబెడతారు. చిరివేరులో ఉండే రంగు పదార్థం పేరు అలిజరిన్, అది పటికలోని అల్యూమినియంతో కలిస్తే ఎరుపు. పటిక లేని చోట లేత గులాబీ మరక మాత్రం పడుతుంది, దాన్ని పోగొట్టడానికి గుడ్డని పేడ నీళ్లలో నానబెట్టి, ఒడ్డున పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతా ఎండలో ఉంచుతారు, ఎండా తడీ కలిసి మరకని విరిచేస్తాయి, పటిక పట్టిన ఎరుపుని మాత్రం ఏమీ చేయలేవు. బ్లీచింగ్ పౌడర్ లేని రోజుల్లో ఇంత తెలివిగా ఎట్లా కనిపెట్టారా అని ఆశ్చర్యం వేస్తుంది.

తిరుపతి వైపు ఎవరికైనా ఇక్కడ ఒక డౌట్ రావాలి. శేషాచలం కొండల నిండా ఎర్రచందనం ఉంది, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, లోపల చెక్క రక్తం మాదిరి ఎర్రగా ఉంటుంది, దాన్నుంచి రంగు కూడా తీస్తారు, మరి పక్కనే ఉన్న కాళహస్తిలో ఎరుపు కోసం చిన్న మొక్క వేర్లు తవ్వుకోవడం ఏంటి? కారణం రంగు స్వభావంలోనే ఉంది. ఎర్రచందనంలోని రంగు, సాంటలిన్ అంటారు, నీళ్లలో సరిగా కరగదు, సారాయి లాంటి స్పిరిట్‌లో అయితే బాగా కరుగుతుంది. కలంకారీ పని అంతా నీళ్లతో నడిచేది. దానికితోడు గట్టిదనంలో అలిజరిన్‌కి సాటి వచ్చే సహజమైన ఎరుపు నూలుకి దొరకడం కష్టం, ఉతుకుకీ ఎండకీ రెండింటికీ నిలబడుతుంది. కంటికి ఎర్రగా కనిపించిన ప్రతిదీ రంగుకి పనికిరాదు, ఏది పనికొస్తుందో తేల్చడానికి ఇక్కడివాళ్లు ఎన్నో తరాలు చేసి చూశారు, దాన్ని సైన్స్ అనడానికి ఏమాత్రం మొహమాటపడక్కర్లేదు.

యూరప్ వాళ్లు కూడా మొహమాటపడలేదు. కోర్డూ అనే ఫ్రెంచ్ పాదిరీ, తెలుగు బాగా నేర్చుకుని తెలుగు నిఘంటువు కూడా కూర్చినాయన, 1742లో ఈ రంగుల పని ఎట్లా చేస్తారో వరసగా రాసి తన దేశానికి ఉత్తరం పంపాడు, కరక్కాయ, పాలు, పటిక, చిరివేరు అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లకి అంత అవసరం ఎందుకొచ్చిందంటే, మన తీరం నుంచి వెళ్లే రంగు గుడ్డలు అక్కడ ఎంత అమ్ముడయ్యాయంటే సొంత నేతగాళ్లు గోల చేసి ఫ్రాన్స్‌లో 1686లో ఏకంగా నిషేధం పెట్టించారు, అది 1759 దాకా నడిచింది. నూలు గుడ్డ మీద ఉతికినా పోని రంగుల బొమ్మ అనేదే అప్పట్లో వాళ్లకి వింత.

నీలం కథ ఎరుపుకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. నీలి మొక్క నుంచి తీసే నీలిమందు నీళ్లలో కరగనే కరగదు, పటికతో పనే లేదు. సున్నం, తగిరిస గింజలు లాంటివి వేసి పులియబెట్టిన తొట్టిలో అది పచ్చగా మారి కరుగుతుంది, గుడ్డ దాంట్లో మునిగి బయటికి వచ్చినాక గాలి తగిలి నీలంగా మారి పోగులోనే గడ్డకడుతుంది. దీంతో చిక్కు ఏంటంటే కలంలో తీసుకుని గీసే లోపలే గాలి తగిలి నీలంగా మారిపోతుంది, గుడ్డలోకి దిగదు. అందుకని పాతకాలంలో నీలం వద్దనుకున్న చోటంతా మైనం పూసి గుడ్డ మొత్తం తొట్టిలో ముంచేవాళ్లు, తర్వాత వేణ్ణీళ్లలో మైనం కరిగించేవాళ్లు. ఎంత శ్రమో చూడండి. కెమికల్ వైపు మళ్లాలనే ఒత్తిడి ఎక్కువగా వచ్చేది కూడా నీలం దగ్గరే.

పసుపు రంగుకి కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క, మామిడి చెక్క వాడతారు, ఇవి రంగుల్లో బలహీనమైనవి. ఆకుపచ్చ అంటూ విడిగా లేదు, ఇన్ని ఆకులున్న ప్రపంచంలో ఆకు నుంచి నిలబడే ఆకుపచ్చ తీయడం కుదరదు, ఆకులోని పచ్చదనం వెలుగుకి విరిగిపోతుంది. నీలం మీద పసుపు వేస్తేనే ఆకుపచ్చ. మ్యూజియంలలో పాత కలంకారీ గుడ్డలు చూసినవాళ్లకి చెట్ల ఆకులు నీలంగా ఎందుకున్నాయా అని అనిపిస్తుంది, ఏ చిత్రకారుడూ నీలం ఆకులు వేయలేదు, పైనున్న పసుపు వందేళ్లు రెండొందల ఏళ్ల వెలుగుకి ఎగిరిపోయి కింద నీలం మిగిలింది అంతే.

ఇంకో సంగతి, ఈ రంగుల గుణమే బొమ్మ తీరుని కూడా నిర్ణయించింది. షేడింగ్ చేయడం కష్టం, ఒక చోట పటిక పట్టిందా లేదా అనేదే ముఖ్యమైన లెక్క, కాబట్టి ప్రతి రంగూ చదునుగా ఉంటుంది, రూపమంతా గీత మీదే ఆధారపడుతుంది. నల్లగీత లావుగా ఉండటం వల్ల పక్కన రంగు కాస్త పాకినా గీత దాచేస్తుంది. చేతిలో ఉండే రంగులు నాలుగైదే కాబట్టి దేవుళ్లకి నీలం, స్త్రీలకి పసుపు, వెనకాల అంతా ఎరుపు, ఇట్లా పద్ధతులు ఏర్పడ్డాయి. చెట్టు గీసినా అది ఫలానా చెట్టు అని గుర్తుపట్టేలా ఉండదు, ఒకే కొమ్మకి తామర మాదిరి పువ్వు, మామిడి పిందె, చిలక, నెమలి అన్నీ ఉంటాయి, జీవవృక్షం అనేది అట్లాంటిదే. ప్రకృతిని చూసి కాపీ కొట్టడం కలంకారీ ఉద్దేశం కాదు, ప్రకృతి ఇచ్చిన నాలుగు రంగుల్లో ఏది కుదురుతుందో దాంతోనే ప్రకృతిని మళ్లీ అల్లుకోవడం. ఈ పద్ధతిలో వాటర్‌కలర్ మాదిరి సూర్యాస్తమయం గీయడం కుదరదు.

1868లో జర్మనీలో అలిజరిన్‌ని ల్యాబ్‌లో తయారుచేయడం, 1897 నుంచి ఫ్యాక్టరీ నీలిమందు మార్కెట్‌లోకి రావడం, ఈ రెండింటితో చిరివేరు, నీలి సాగు కూలిపోయాయి. శ్రీకాళహస్తిలో వ్రాతపని అని పిలిచే ఈ విద్య కూడా 20వ శతాబ్దం మధ్యకి దాదాపు ఆగిపోయే స్థితికొచ్చింది. చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టడం వల్ల, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు లాంటి పాత పనివాళ్లు నేర్పడం వల్ల మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ కుటుంబం నుంచే వచ్చిన గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, దక్కింది. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఇక్కడ మొత్తం కలంతోనే గీస్తారు, తేడా అది, ఏది గొప్ప అని పోల్చాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. ఫ్యాక్టరీలో చేసిన అలిజరిన్ పొడి రాగి పాత్రలో వేస్తే ఆ గుడ్డ నాచురల్ కలంకారీ అవుతుందా కాదా? అణువు చూస్తే చిరివేరులో ఉండేదీ డబ్బాలో ఉండేదీ ఒక్కటే, తేడా లేదు. కానీ వేరులో అదొక్కటే ఉండదు, మంజిష్ఠలో అయితే పర్పురిన్ లాంటి ఇంకొన్ని ఎరుపులు కలిసి ఉంటాయి, అవన్నీ తలా కాస్త పట్టి ఎరుపుకి ఒక లోతు ఇస్తాయి, ఈ ఏడు గుడ్డకీ పోయిన ఏడు గుడ్డకీ చిన్న తేడా ఉంటుంది. డబ్బా అలిజరిన్ ప్రతిసారీ ఒకే ఎరుపు ఇస్తుంది. అయినా పాలు, కరక్కాయ, పటిక, కడుగుడు, ఎండ అన్నీ చేసి చివర్లో డబ్బా పొడి వాడిన పనివాడిని, పాలిస్టర్ గుడ్డ మీద స్క్రీన్ ప్రింట్ కొట్టి కలంకారీ అని అమ్మేవాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటాయన ఒక వేరుని మార్చాడు, రెండోవాళ్లు మొత్తం పనినే తీసేశారు. తిరుపతిలో గుడ్డల షాపుల్లో కలంకారీ పేరుతో వేలాడే జాకెట్టు ముక్కల్లో ఎక్కువ భాగం ప్రింట్లే, చవకగా దొరుకుతాయి, కొనుక్కోవడంలో తప్పులేదు, కానీ చేతిపని పేరు పెట్టి అమ్మడమే బాధ కలిగిస్తుంది, ఎందుకంటే నెలల తరబడి చేసిన గుడ్డ ధర అడిగినప్పుడు కొనేవాళ్లు ఆ ప్రింట్ ధరతో పోలుస్తారు.

డబ్బా పొడి కంటే పెద్ద సమస్య మాత్రం నీళ్లు. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే ఏరు కాదు, ఎప్పుడూ కాదు, కానీ ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరిన రోజులు వేరు, ఊరు పెరిగి మురుగు చేరే రోజులు వేరు. చాలా వరకు పని ఇప్పుడు బోరు నీళ్లు, సిమెంటు తొట్ల మీదికి వచ్చింది. బోరు నీళ్లలో ఇనుము ఉందంటే కరక్కాయ పట్టిన గుడ్డ మసకబారుతుంది, పైన చెప్పిన నలుపు కథే మళ్లీ, ఈసారి వద్దన్న చోట. నీళ్లలో సున్నం ఎక్కువుంటే అలిజరిన్ ఎరుపుకి మంచిదే. అంటే ఏ వీధి బోరు నీళ్లు అనేదాన్ని బట్టి కూడా బొమ్మ రంగు మారుతుంది. కళాకారులకి అవార్డులు, ఎగ్జిబిషన్‌లో స్టాళ్లు ఇవ్వడం మంచిదే, దానికంటే ముందు కడగడానికి శుభ్రమైన పారే నీళ్ల కాలవ ఒకటి, పక్కన ఎండేసుకునే స్థలం ఒకటి ఊరుమ్మడిగా ఏర్పాటు చేస్తే ఈ పనికి ఎక్కువ ఉపయోగం.

తొట్టిలో కడిగేవాళ్లు నీళ్లు మార్చి మార్చి కడుగుతారు, మొదటి తొట్టి పారబోసి రెండోది, మూడోది, వేసవిలో అన్ని తొట్ల నీళ్లు దొరక్కపోతే ఒకటి తగ్గుతుంది. గుడ్డ కొనేటప్పుడు అందరి చూపూ ఎరుపు మీదికి పోతుంది. ఎరుపుని ఆనుకుని వదిలేసిన తెలుపు ఉంటుంది చూడండి, మొహం పక్కన, పువ్వు రేకు అంచున, వేలు పెట్టి అక్కడ చూడాలి. ఆ తెలుపులో గులాబీ జీర ఉందంటే ఆ రోజు నీళ్లు చాలలేదని.